డ్రైవ్‌లో ఫొటోలు రెట్టింపు కనిపిస్తున్నాయా? చుక్క ఫైళ్ల సంగతి

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. రాజమండ్రిలో మీకు ఫొటో స్టూడియో ఉంది. ఎడిటింగ్ మ్యాక్‌బుక్‌లో చేస్తారు. ఫొటోలు ఎక్స్‌ఫ్యాట్ (మ్యాక్, విండోస్ రెండూ చదివి రాయగలిగే పద్ధతి) ఫార్మాట్ చేసిన హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. ఆ డిస్క్‌ను షాపులో ఉన్న విండోస్ కంప్యూటర్‌కు పెట్టి, క్రోమ్ బ్రౌజర్ నుంచి పెళ్లి ఫోల్డర్‌ను అలాగే లాగి గూగుల్ డ్రైవ్‌లో వదిలారు. 1,800 ఫొటోలు ఇస్తామని చెప్పారు, అమెరికాలో ఉన్న పెళ్లికూతురి అన్నయ్యకు 3,600 పైగా కనిపిస్తున్నాయి. అందులో సగం తెరుచుకోవడం లేదు. వైరస్ పంపారా అని వాళ్లు ఫోన్ చేశారు. మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాలా, డిస్క్‌లో ఉన్న చెత్తంతా తుడిచేయాలా అని మీరు అడుగుతున్నారు.

మళ్లీ ఎక్కించక్కర్లేదండీ. అది వైరస్ కూడా కాదు. ఇక డిస్క్ మాటకొస్తే, అందులో ఏదీ తీసేయకండి. ఎందుకో కింద చెప్తాను. స్టూడియోల్లోనూ ప్రింటింగ్ ప్రెస్సుల్లోనూ కంప్యూటర్ల పని చూసేవాడిగా నన్ను ఎక్కువ భయపెట్టేది డ్రైవ్‌లో కనిపించే ఈ అదనపు ఫైళ్లు కాదు. వాటిని చూసి కంగారుపడి అసలు డిస్క్ మీద చేసే శుభ్రత.

ఆ ఫైళ్లు ఏమిటో చూద్దాం. మీ స్క్రీన్‌షాట్‌లో మూడు రకాలున్నాయి. ఎక్కువగా ఉన్నవి ._ తో మొదలయ్యేవి. ప్రతి ఫొటోకూ అదే పేరుతో, ముందు చుక్క, అండర్‌స్కోర్ తగిలించుకుని ఒక జంట ఫైలు ఉంది. సైజు దాదాపు అన్నిటికీ 4 కేబీ. రెండోది ఫోల్డర్‌కు ఒకటి చొప్పున ఉన్న .డీఎస్_స్టోర్ (.DS_Store). మూడోది ఒకటి రెండు చోట్ల ఉన్న డెస్క్‌టాప్.ఐఎన్ఐ (desktop.ini). మొదటి రెండూ మ్యాక్ రాసినవి, మూడోది విండోస్ రాసింది. మీ డిస్క్ రెండు కంప్యూటర్ల మధ్య తిరుగుతోంది కాబట్టి ఇద్దరి రాతలూ దాని మీద ఉన్నాయి.

._ ఫైలు కథ పాతదే. 1984లో వచ్చిన మొదటి మ్యాకింటోష్ నుంచి ఆపిల్ వాళ్ల ఫైలుకు రెండు భాగాలుండేవి. ఒక భాగంలో అసలు సమాచారం, రెండో దాంట్లో ఐకాన్, ప్రివ్యూ, ఫాంటు వివరాల్లాంటివి. ఈనాటి మ్యాక్‌లో ఆ రెండో భాగం పని చాలావరకు ఫైలుకు అంటిపెట్టుకుని ఉండే అదనపు లక్షణాలు చేస్తున్నాయి. మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ఫైండర్‌లో మీరు పెట్టే రంగు ట్యాగ్, ఫైలు ఏ వెబ్ అడ్రస్ నుంచి డౌన్‌లోడ్ అయింది, చివరిసారి ఎప్పుడు తెరిచారు, ఇలాంటివన్నీ అందులోకి వెళ్తాయి. మ్యాక్ సొంత ఫార్మాట్‌లలో, అంటే ఏపీఎఫ్ఎస్‌లోనూ పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌లోనూ వీటికి ఫైలుతో పాటే చోటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లోనూ ఎఫ్ఏటీ32లోనూ ఆ చోటు లేదు. అందుకని మ్యాక్ ఆ వివరాలను పక్కనే ఇంకో చిన్న ఫైలులో రాసి, పేరు ముందు ._ పెడుతుంది. ఈ పద్ధతిని ఆపిల్‌డబుల్ అంటారు. చదివింపుల కవరుకు పిన్ను చేసిన చీటీ అనుకోండి: డబ్బు కవర్లో ఉంటుంది, ఎవరిచ్చారో చీటీ చెప్తుంది. డ్రైవ్‌లో మీ కస్టమర్ తెరవడానికి ప్రయత్నిస్తున్నది ఆ చీటీని. పేరు చివర జేపీజీ అని ఉన్నా లోపల బొమ్మ లేదు కాబట్టి అది తెరుచుకోదు.

.డీఎస్_స్టోర్ వేరే సంగతి. డెస్క్‌టాప్ సర్వీసెస్ స్టోర్ అన్నదానికి అది పొట్టిపేరు. ఫోల్డర్‌ను ఫైండర్‌లో ఎలా చూస్తున్నారు, ఐకాన్లు ఎక్కడ పెట్టారు, కిటికీ ఎంత పెద్దది, వెనక ఏ రంగు, ఇవి అందులో ఉంటాయి. కనీస సైజు 6,148 బైట్లు, అందుకే చాలా ఫోల్డర్లలో సరిగ్గా అదే అంకె కనిపిస్తుంది. డెస్క్‌టాప్.ఐఎన్ఐ విండోస్‌లో దాదాపు అదే పని చేస్తుంది: ఫోల్డర్‌కు ప్రత్యేక ఐకాన్, మారుపేరు లాంటివి దాచుకుంటుంది. పాత డిస్కుల్లో థంబ్స్.డీబీ కూడా తగులుతుంది. విండోస్ ఎక్స్‌పీ దాకా ప్రతి ఫొటో ఫోల్డర్‌లోనూ చిన్న బొమ్మలను దాచిన ఫైలు అది. విస్టా నుంచి ఆ బొమ్మలు యూజర్ ఖాతాలో ఒకే చోటుకు మారాయి, కానీ నెట్‌వర్క్ ఫోల్డర్లలో థంబ్స్.డీబీ ఇప్పటికీ పుడుతుంది.

ఇన్నాళ్లూ కనపడనివి డ్రైవ్‌లో ఎందుకు కనపడ్డాయి? ఫైలు దాగి ఉండటం ఆ ఫైలు గుణం కాదు, దాన్ని చూపించే ప్రోగ్రామ్ పాటించే మర్యాద. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ సంప్రదాయంలో పేరు చుక్కతో మొదలైతే జాబితాలో చూపరు, మ్యాక్ అదే పాటిస్తోంది. విండోస్‌లో ఫైలు మీద ‘హిడెన్’, ‘సిస్టమ్’ అనే గుర్తులుంటాయి. బ్రౌజర్ నుంచి ఫోల్డర్ ఎక్కించినప్పుడు వెళ్లేది పేరూ లోపలి సరుకూ మాత్రమే. విండోస్ పెట్టిన గుర్తు ఇక్కడే ఆగిపోతుంది. చుక్క పేరుతో పాటు అక్కడికి వెళ్తుంది కానీ, దాన్ని చూసి దాచాలనే నియమం డ్రైవ్ వెబ్‌పేజీకి లేదు. అందుకే అన్నీ వరసలో నిలబడ్డాయి.

అన్ని క్లౌడ్‌లూ ఒకేలా ప్రవర్తించవు. డ్రాప్‌బాక్స్ తన యాప్ సింక్ చేయని ఫైళ్ల జాబితాను బయటికే చెప్తుంది. డెస్క్‌టాప్.ఐఎన్ఐ, థంబ్స్.డీబీ, .డీఎస్_స్టోర్ మూడూ అందులో ఉన్నాయి. వన్‌డ్రైవ్‌లో డెస్క్‌టాప్.ఐఎన్ఐ అనే పేరే చెల్లదు, ~$ తో మొదలయ్యే పేర్లూ చెల్లవు. ఆ ~$ ఫైళ్లు వర్డ్, ఎక్సెల్ వాడేటప్పుడు పుట్టేవి. ఆ డాక్యుమెంట్‌ను ఎవరు తెరిచి ఉంచారో వాళ్ల పేరు అందులో ఉంటుంది. కాబట్టి మీ స్నేహితుడు ‘నేను ఇంకో దాంట్లో పెడితే ఇవేవీ రాలేదే’ అంటే ఆయన చెప్పిందీ నిజమే కావచ్చు. ఇందుకోసం మీరు సర్వీసు మార్చుకోనక్కర్లేదు. ఎక్కించే దారి మార్చుకుంటే చాలు.

ఇప్పుడు డిస్క్ సంగతి. మీరు ఆల్బమ్ సెలెక్షన్‌కు ఫైండర్‌లో ఎర్ర ట్యాగ్, ఆకుపచ్చ ట్యాగ్ పెడతారా? చాలామంది స్టూడియోవాళ్లు పెడతారు. మీ ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌లో ఆ ట్యాగ్‌లు ఉన్నది ఆ ._ ఫైళ్లలోనే. విండోస్‌లో కూర్చుని అన్నిటినీ ఎంచి డిలీట్ కొట్టారంటే, ఫొటోలు భద్రంగా ఉంటాయి కానీ కస్టమర్‌తో గంటల తరబడి కూర్చుని పెట్టిన రంగులన్నీ పోతాయి. పక్కన డీటీపీ పని కూడా చేసేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. 90ల నాటి మ్యాక్ ఫాంట్లలో సరుకంతా ఆ రెండో భాగంలోనే ఉండేది, మొదటి భాగం ఖాళీ. అలాంటి ఫాంటును ఎక్స్‌ఫ్యాట్ మీదికి కాపీ చేస్తే అసలు ఫైలు సున్నా బైట్లు చూపిస్తుంది, ఫాంటు మొత్తం ._ ఫైలులో ఉంటుంది. చెత్త అనుకుని దాన్ని తీసేస్తే ఫాంటే పోయినట్టు.

ఇదే కోవలో ఇంకో రెండు. ఫొటోలు సవరించే లైట్‌రూమ్, ‘కెమెరా రా’ ప్రోగ్రామ్‌లు రాసే ఎక్స్ఎంపీ ఫైళ్లు కస్టమర్‌కు చెత్తగానే కనిపిస్తాయి కానీ రా ఫైళ్ల (కెమెరా ఇచ్చే ముడి ఫైళ్ల) మీద మీరు చేసిన సవరణలు వాటిలో ఉంటాయి. కస్టమర్‌కు పంపకండి, మీ దగ్గర తీసేయకండి. పాత కుటుంబ ఫొటోల డిస్కుల్లో .పికాసా.ఐఎన్ఐ ఉంటుంది. ఫొటోలు సర్దుకునే పికాసా ప్రోగ్రామ్‌ను గూగుల్ 2016లో ఆపేసింది కాబట్టి అది ఎందుకూ పనికిరాదని అనిపిస్తుంది. కానీ ఎవరి ముఖం ఏ ఫొటోలో ఉందో, ఎక్కడ కత్తిరించారో ఆ ఫైలులో ఉంటుంది. తాతయ్య, అమ్మమ్మల పేర్లు ఓపిగ్గా రాసిపెట్టిన ఇల్లు అయితే అది విలువైనదే.

కాబట్టి నేను పాటించేది, మీకు చెప్పేది ఒకటే: పని చేసే డిస్క్ జోలికి వెళ్లొద్దు, బయటికి వెళ్లే కాపీని మాత్రం శుభ్రం చేయండి.

డ్రైవ్‌లో ఇప్పటికే ఎక్కినవాటితో మొదలుపెడదాం. కస్టమర్‌కు మీరు ఇచ్చిన లింకు అలాగే ఉండనివ్వండి. కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, జాబితా రూపంలో పేరు వరసన పెట్టండి. ._ పేర్లన్నీ ఒకచోట చేరతాయి. డ్రైవ్ జాబితా మీరు కిందికి జరిపేకొద్దీ నెమ్మదిగా వస్తుంది, కాబట్టి ముందు చివరిదాకా జరపండి. తర్వాత గుంపులో మొదటిదాన్ని నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరిదాన్ని నొక్కితే మధ్యవన్నీ ఎంపికవుతాయి. తీసేసే ముందు ఒక్క నిమిషం: ఎంచుకున్నవాటిలో ఎంబీల్లో సైజున్నది ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది ఫొటో, దాన్ని వదిలేయండి. అన్నీ కేబీల్లోనే ఉంటే ట్రాష్‌కు పంపండి. .డీఎస్_స్టోర్‌నూ డెస్క్‌టాప్.ఐఎన్ఐనీ పైన వెతుకు పెట్టెలో పేరు కొట్టి పట్టుకోవచ్చు, ప్రతి ఉపఫోల్డర్‌లోకీ వెళ్లనక్కర్లేదు. అయితే ఆ వెతుకులాటలో మీ మిగతా కస్టమర్ల ఫోల్డర్లలోవి కూడా వస్తాయి. వాటినీ తీసేయవచ్చు, డ్రైవ్‌లో వాటికి ఏ పనీ లేదు. ట్రాష్‌లో 30 రోజులుంటాయి కనుక పొరపాటున ఫొటో వెళ్లినా తిరిగి తెచ్చుకోవచ్చు.

ఈ పని చేస్తూనే ఇంకో పరీక్ష చేసుకోండి, ఇది నాకు చాలాసార్లు పనికొచ్చింది. ప్రతి ._ ఫైలుకూ పక్కన అసలు ఫొటో ఉందా? జంట లేని ._ ఫైలు కనిపిస్తే దానికి రెండు కారణాలుంటాయి. మీరు ఆ ఫొటోను విండోస్‌లో ఎప్పుడో తీసేశారు లేదా పేరు మార్చారు. విండోస్‌కు ఈ జంట సంగతి తెలియదు కాబట్టి చీటీ ఒక్కటే మిగిలింది. లేదా నెట్ మధ్యలో ఆగి ఆ ఫొటో ఎక్కనేలేదు. రెండోదైతే మీకు ఇప్పుడే తెలియడం మంచిది. తాళి కట్టే ఫొటో రాలేదని కస్టమర్ చెప్పేదాకా ఆగకూడదు. తీసేశాక మిగిలిన సంఖ్యను మీ 1,800తో పోల్చండి.

ఇక మీదట రాకుండా ఉండాలంటే ఫోల్డర్‌ను లాగే అలవాటు మానండి, ఫొటోలను లాగండి. డ్రైవ్‌లో ముందు ఖాళీ ఫోల్డర్ చేసి పేరు పెట్టుకోండి. మ్యాక్‌లో ఫొటోల ఫోల్డర్ తెరిచి, కమాండ్‌తో ఏ నొక్కి అన్నిటినీ ఎంచి, ఆ ఫోల్డర్‌లోకి లాగండి. కంటికి కనిపించేవే ఎంపికవుతాయి, దాగినవి రావు. ఫోల్డర్ లాగితే బ్రౌజర్ లోపలికి దిగి దొరికిందల్లా పట్టుకెళ్తుంది, తేడా అక్కడే ఉంది. మెహందీ, సంగీత్, పెళ్లి, రిసెప్షన్ అని ఉపఫోల్డర్లు ఐదారుంటే ఈ పద్ధతి కొంచెం విసుగు, అయినా ఖర్చులేని పద్ధతి.

మ్యాక్ లోపలి డిస్క్‌లో ఖాళీ ఉంటే ఇంకా తేలికైన దారి ఉంది. ఇవ్వాల్సిన ఫైనల్ జేపీజీలను ఫైండర్‌తో డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, మ్యాక్ నుంచే ఎక్కించండి. లోపలి డిస్క్ ఏపీఎఫ్ఎస్ కాబట్టి కాపీ అయ్యేటప్పుడే ._ ఫైళ్లు అసలు ఫైళ్లలో కలిసిపోతాయి, విడిగా ఉండవు. బ్రౌజర్ ఎక్కించేటప్పుడు ఆ అదనపు లక్షణాలు బయటికి వెళ్లవు. అప్పుడు మిగిలేది ఫోల్డర్‌కొక .డీఎస్_స్టోర్ మాత్రమే. అదీ ఇష్టం లేకపోతే ఎక్కించాక, పైన చెప్పినట్టు డ్రైవ్‌లో పేరు వెతికి తీసేయండి.

షాపులో నెట్ విండోస్ కంప్యూటర్‌కే ఉంది, డిస్క్ మార్చక తప్పదు అంటారా? అప్పుడు డిస్క్‌లోనే ‘డెలివరీ’ అని విడి ఫోల్డర్ చేసి, ఇవ్వాల్సిన ఫొటోల కాపీ అందులో పెట్టండి. మ్యాక్ టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, ఆపిల్ ఇచ్చిన డాట్_క్లీన్ (dot_clean) అనే ఆదేశం ఉంది. ఇంగ్లిష్‌లో అన్నీ చిన్న అక్షరాలతో ఆ పేరు కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ పక్కనే ఎం కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి, డెలివరీ ఫోల్డర్‌ను టెర్మినల్ కిటికీలోకి లాగండి. దారి దానంతటదే పడుతుంది. ఎంటర్ నొక్కితే ఆ ఫోల్డర్‌లో ఉన్న ._ ఫైళ్లు పోతాయి. దయచేసి డెలివరీ ఫోల్డర్ మీదే వాడండి. డిస్క్ మొత్తాన్ని లాగి వదిలితే పైన చెప్పిన ట్యాగ్‌ల గతి ఏమవుతుందో మీకు తెలుసు. శుభ్రం చేశాక ఆ ఫోల్డర్‌ను మ్యాక్‌లో మళ్లీ తెరవకుండా డిస్క్‌ను ఇజెక్ట్ చేసి విండోస్‌కు తీసుకెళ్లండి, తెరిస్తే మ్యాక్ మళ్లీ రాయడం మొదలుపెట్టవచ్చు. టెర్మినల్ అంటే భయమైతే విండోస్‌లో డెలివరీ ఫోల్డర్ తెరిచి, దాగిన ఫైళ్లు చూపించేలా పెట్టి, పేరు వరసన పైకి చేరిన ._ గుంపును చేత్తో తీసేసినా ఫలితం ఒకటే.

డిస్క్ ఫార్మాట్ మార్చమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నేను చెప్పను. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌ను మ్యాక్ చదవగలదు కానీ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా దాని మీద రాయలేదు. ఎఫ్ఏటీ32లో 4 జీబీకి చేరిన వీడియో ఫైలు పట్టదు. ఏపీఎఫ్ఎస్‌ను విండోస్ తనంతట చదవలేదు. రెండు కంప్యూటర్ల మధ్య తిరిగే స్టూడియో డిస్క్‌కు ఎక్స్‌ఫ్యాటే సరైనది.

టెర్మినల్‌లో ఒక సెట్టింగ్ పెడితే .డీఎస్_స్టోర్ పుట్టడమే ఆగిపోతుందనే సలహా కూడా చాలాచోట్ల తిరుగుతోంది. అది ఉన్న మాటే, కానీ ఆపిల్ చెప్పే ఆ సెట్టింగ్ నెట్‌వర్క్ ఫోల్డర్లకు. ఆఫీసులో అందరూ వాడే సర్వర్ ఉంటే పెట్టుకోండి. మ్యాక్ సొంత డిస్క్ మీద అది పనిచేయదు, పనిచేయట్లేదని టెన్షన్ పడొద్దు.

కస్టమర్ జిప్ అడిగితే ఫైండర్‌లో కంప్రెస్ నొక్కి ఇవ్వకండి. విండోస్‌లో విప్పినప్పుడు __మ్యాక్ఓఎస్ఎక్స్ అనే ఫోల్డర్ బయటపడుతుంది, అందులో మళ్లీ ఇవే ._ ఫైళ్లు. మ్యాక్‌లో కేకా అనే యాప్‌లో వీటిని వదిలేసే ఎంపిక ఉంది, అది పెట్టి జిప్ చేయండి.

ఇవి స్థలం తినేస్తాయన్న భయం వద్దు. 1,800 ఫైళ్లు, ఒక్కోటి 4 కేబీ అంటే మొత్తం 7 ఎంబీ చిల్లర, ఒక్క పెద్ద ఫొటో అంత. నేను పట్టించుకోమనేది గోప్యత గురించి. ఎక్కించే ముందు మీరు తీసేసిన ఫోల్డర్ పేరు .డీఎస్_స్టోర్‌లో మిగిలిపోవచ్చు. ‘బాకీ ఉన్నవాళ్లు’ అని పేరు పెట్టి తర్వాత తీసేసిన ఫోల్డరైనా సరే. డౌన్‌లోడ్ చేసిన ఫైలు పక్కనుండే ._ లో అది వచ్చిన వెబ్ అడ్రస్ ఉంటుంది. థంబ్స్.డీబీలో తీసేసిన ఫొటోల చిన్న బొమ్మలు మిగిలే వీలుంది. ఫోరెన్సిక్ నిపుణులు దాన్ని తెరిచి చూసేది అందుకే. పెళ్లికూతురు ఫలానా ఫొటో వద్దని, అది ఎవరి దగ్గరా ఉండకూడదని అడిగి ఉంటే, పాత డిస్క్ నుంచి ఫోల్డర్ పంపేటప్పుడు థంబ్స్.డీబీ వెళ్లకుండా చూడటం మన బాధ్యత.

వైరస్ సంగతి కూడా పూర్తిగా కొట్టిపారేయను. పైన చెప్పిన పేర్లు సరిగ్గా అలాగే ఉంటే భయం లేదు. పేరు చివర ఈఎక్స్ఈ, వీబీఎస్ లాంటివి తగిలి ఉన్నా, మీ ఫోల్డర్ల పేర్లతో షార్ట్‌కట్‌లు కనిపించి అసలు ఫోల్డర్లు మాయమైనా, అది వేరే జబ్బు. పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే షాపుల్లో ఈ షార్ట్‌కట్ వైరస్ మామూలే. అప్పుడు ఎక్కించడం ఆపి, విండోస్ డిఫెండర్‌తో డిస్క్ మొత్తం స్కాన్ చేయండి.

ఈ రాత్రికి ఆ అన్నయ్య గారికి వాట్సాప్‌లో ఇలా పంపండి: ‘మీకు కనిపించిన అదనపు ఫైళ్లు మా మ్యాక్ కంప్యూటర్ రాసుకున్న వివరాలు, వైరస్ కాదు. డ్రైవ్‌లోంచి తీసేశాం. అదే లింకులో ఇప్పుడు 1,800 ఫొటోలే ఉన్నాయి. ఇప్పటికే డౌన్‌లోడ్ చేసి ఉంటే, పేరు ముందు చుక్క, అండర్‌స్కోర్ ఉన్న 4 కేబీ ఫైళ్లు తీసేయండి, మిగతావన్నీ ఉంచుకోండి.’ పంపే ముందు లెక్క సరిచూసుకోండి. పని చేస్తుంటే ఎక్కడైనా ఆగితే, జంట లేని ఫైళ్లు ఎన్ని వచ్చాయో, ఏ ఉపఫోల్డర్‌లో వచ్చాయో రాయండి. నెట్ ఆగినందువల్లా, పేర్లు మార్చినందువల్లా అనేది దాన్నిబట్టి చెప్పగలను.